పదో తరగతి లెక్కలు - మన ముగ్గులు, మన గాజులు



పదో తరగతి చదివే పిల్లో పిల్లవాడో ఉన్న ఇల్లు పరీక్షల ముందు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. టీవీ గొంతు తగ్గిపోతుంది. చుట్టాలు వస్తామంటే "పరీక్షలయ్యాక రండి వదినా" అంటాం. వేళకు పాలు, రాత్రి పదింటికి టీ, తెల్లవారి నాలుగింటికి అలారం, అన్నీ మనమే అమర్చిపెడతాం. తెలుగు పద్యాలు అప్పజెప్పించుకుంటాం. సాంఘిక శాస్త్రంలో ప్రశ్నలు అడుగుతాం. లెక్కల పుస్తకం తెరవగానే మాత్రం పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం. "మీ నాన్ననడుగు" అనో, "ట్యూషన్ సారునడుగు" అనో ఒక మాట విసిరేస్తాం.

ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ లేచిపోవడం గురించి. నేను లెక్కల పంతులమ్మను కాను. చదివింది పదో తరగతి. అందుకే ధైర్యంగా చెబుతున్నాను. మన రాష్ట్రంలో పదో తరగతి లెక్కల పుస్తకంలో పద్నాలుగు అధ్యాయాలున్నాయి. అందులో పేరు వినగానే పిల్లలు జంకే మూడింటిని ఇక్కడ తీసుకుంటాను: శ్రేఢులు, బహుపదులు, వృత్తాలు. ఈ మూడూ మన చేతుల మీదుగా రోజూ నడుస్తున్నవే. వాటికి ఆ పేర్లున్నాయని మనకెవరూ చెప్పలేదు, అంతే.

ముందు ఒక సంగతి. మాది కథలాపూర్ వైపు. అటు జగిత్యాల, ఇటు కోరుట్ల, కొంచెం దూరంలో సిరిసిల్ల. మగవాళ్ళలో చాలామంది దుబాయి, మస్కట్, సౌదీ పోతారు. ఆడవాళ్ళు ఇంటిపట్టున బీడీలు చుడతారు. నగరంలో మన పిల్లకు లెక్కలు రాకపోతే ట్యూషన్ ఖర్చు పెరుగుతుంది. మా వైపు లెక్కల్లో నూటికి 35 రాకపోతే చదువే ఆగిపోతుంది. మళ్ళీ రాసుకోవడానికి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది, నిజమే. కానీ ఆ రెండు నెలల్లోనే ఆడపిల్ల ఒళ్ళోకి తునికాకు చాట వచ్చి చేరుతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని చేతిలో నాలుగు డబ్బులు పడటం మొదలయ్యాక, పుస్తకం తియ్యమని ఇంట్లో చెప్పేవాళ్ళు తగ్గిపోతారు. ఆ తర్వాత మాట పెళ్ళి. అంటే ఒక అమ్మాయి ఇంటర్ మెట్టు ఎక్కడమా, బీడీల చాట ముందు కూర్చోవడమా అన్నది ఒక్కోసారి ఈ మూడు అధ్యాయాల దగ్గరే తేలిపోతుంది.

ఆడపిల్లకూ లెక్కలకూ దూరం పెంచడం ఇవాళ్టిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు హైస్కూల్లో రెండు రకాల లెక్కలుండేవి. జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు అనేవారు. ముందు ముందు ఇంజనీరింగు వైపు పోవాలంటే కాంపోజిట్ చదివి ఉండాలి. మా పెద్దక్కల తరంలో ఎంతమందిని అడిగినా ఒకటే మాట: "నన్నెవరడిగిన్రు చెల్లె, ఆడపిల్లకు జనరల్ చాలన్నరు." ఆ రెండు దారులూ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు అందరికీ ఒకే పుస్తకం. అయినా "ఆడపిల్లకు లెక్కలెందుకు" అన్న మాట మాత్రం ఇంకా గడప దాటి పోలేదు.

ఇంకొక చిక్కు భాషది. మన తాతల కాలంలో నిజాం బడుల్లో లెక్కలు ఉర్దూలో. అందుకే మా ముసలివాళ్ళు ఇప్పటికీ "హిసాబు" అంటారు. మనం తెలుగులో చదివాం. పట్నంలో మన పిల్లలు ఇంగ్లీషులో చదువుతున్నారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. పిల్ల "రేడియస్" అంటుంది, మనకు "వ్యాసార్ధం" గుర్తు. పిల్ల "టాంజెంట్" అంటుంది, మనం నేర్చుకున్నది "స్పర్శరేఖ". రెండూ ఒకటేనని తెలియక, పుస్తకమే మారిపోయిందనుకుని తప్పుకుంటాం. పుస్తకం అదే. పైన కట్టిన చీర మారింది.

ఇప్పుడు శ్రేఢుల సంగతి చూద్దాం. ఆ 'ఢ' చూసే సగం మంది పిల్లలు బెదిరిపోతారు. శ్రేఢి అంటే వరస. ఒక పద్ధతి ప్రకారం నడిచే అంకెల వరస. మీరు వాకిట్లో ఏడు చుక్కల ముగ్గు వేస్తారనుకోండి. సరి చుక్క, ఒకటి వచ్చేవరకు. మధ్య వరసలో 7, దాని పైన 5, ఆ పైన 3, ఆఖరున 1. కిందికీ అంతే. ఒక్కో వరసకు రెండేసి చుక్కలు తగ్గుతున్నాయి. ఆ 'రెండు' ఉంది చూడండి, దాన్నే పుస్తకంలో పదాంతరం అన్నారు. ప్రతిసారీ అంతే కలిస్తే, లేదా ప్రతిసారీ అంతే తగ్గితే అది అంకశ్రేఢి. పిల్లలు ఏ.పీ. అంటారు. అదేదో రాష్ట్రం పేరనుకునేరు!

ముగ్గులో మొత్తం చుక్కలెన్ని? 1, 3, 5, 7, 5, 3, 1 కలిపితే 25. ఇందులో ఒక చమత్కారం ఉంది. 1, 3, 5, 7 కలిపితే 16, అంటే నాలుగు నాలుగులు. మిగిలిన 5, 3, 1 కలిపితే 9, అంటే మూడు మూళ్ళు. బేసి సంఖ్యలను ఒకటి నుంచి వరసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ ఇలా వర్గమే వస్తుంది. ముగ్గును తల కాస్త పక్కకు వంచి చూడండి. నాలుగు చుక్కల పలక ఒకటి, దాని సందుల్లో మూడు చుక్కల పలక ఒకటి ఇమిడి కనిపిస్తాయి. పదిహేను చుక్కల ముగ్గుకూ ఇంతే. ఎనిమిది ఎనిమిదులు 64, ఏడేళ్ళు 49, మొత్తం 113. ఒక్కో చుక్కా లెక్కపెట్టే పని లేదు.

ఇక మన బతుకమ్మ. సద్దుల బతుకమ్మనాడు పెద్ద తాంబాలంలో అడుగు వరస పేరుస్తాం. అందులో 60 పూలు పట్టాయనుకుందాం. పైకి పోయేకొద్దీ ఒక్కో వరసకు నాలుగేసి తగ్గుతాయి. 56, 52, 48 అలా. పన్నెండో వరసలో ఎన్ని పూలు పడతాయి? ఇక్కడే పిల్లలు తప్పుతారు. పన్నెండో వరస కదా అని పన్నెండు నాలుగులు తీసేస్తారు. మీ చెయ్యి చాపి చూపించండి. వేళ్ళు అయిదు, సందులు నాలుగు. అలాగే వరసలు పన్నెండు, వాటి మధ్య మెట్లు పదకొండే. పదకొండు నాలుగులు 44. అరవైలో 44 పోతే 16. పుస్తకంలో 'ఎన్ మైనస్ ఒకటి' అని రాసి ఉండేది ఈ సందుల లెక్కే. అది తెలియకుండా సూత్రం బట్టీపట్టిన పిల్ల పరీక్ష హాల్లో కంగారు పడుతుంది. వేళ్ళ సందులు గుర్తున్న పిల్ల పడదు.

మొత్తం పూలెన్ని కావాలి? అడుగు వరస 60, పై వరస 16, కలిపితే 76. కింది నుంచి రెండోది 56, పై నుంచి రెండోది 20, అదీ 76. ఇలా జతలు కడుతూ పోతే పన్నెండు వరసలకు ఆరు జతలు. ఆరు డెబ్భై ఆరులు 456. మొదటిదీ చివరిదీ కలిపి, ఎన్ని వరసలో అందులో సగంతో హెచ్చవేయడం. శ్రేఢి మొత్తం కట్టే సూత్రం ఇంతే, దీనికి ఇంకొక రహస్యం లేదు.

మరి నాలుగే ఎందుకు తగ్గుతాయి? ఒక వరసలో నాలుగు, ఇంకొక వరసలో ఏడు ఎందుకు తగ్గవు? బతుకమ్మ గుండ్రం కనుక. వృత్తాన్ని చుట్టూరా ఒక వేలంత లోపలికి జరిపితే దాని చుట్టుకొలత ఆరు వేళ్ళ పైచిలుకు తగ్గుతుంది. చిన్న వృత్తమైనా, పెద్ద వృత్తమైనా అంతే తగ్గుతుంది. పువ్వు వెడల్పు వేలున్నర ఉంటే ఆరు వేళ్ళలో నాలుగు పూలు పోయినట్టే. ఏ సూత్రమూ చదవని మా అవ్వలు ఒక్క పువ్వు ఎక్కువ తక్కువ కాకుండా ఎలా పేర్చేవారా అనుకునేదాన్ని. గుండ్రంగా, సమంగా లోపలికి జరుపుతూ పోయేవాళ్ళు. లెక్క దానంతటదే కుదిరేది.

సిరిసిల్ల మరమగ్గాల దగ్గర కూడా ఇదే లెక్క నడుస్తుంది. 2017 నుంచి కొన్నేళ్ళపాటు సర్కారు పంచిన బతుకమ్మ చీరలు చాలావరకు అక్కడ నేసినవే. నేసిన గుడ్డ రోలరుకు చుట్టుకుంటూ పోతుంది కదా, ఒక్కో చుట్టుకూ గుడ్డ మందమంత లావెక్కుతుంది. కాబట్టి ఒక్కో చుట్టు పొడవు అంతకు ముందు చుట్టు కన్నా ఒకే కొలతన పెరుగుతుంది. ఉత్త రోలరు చుట్టుకొలత 30 సెంటీమీటర్లు, గుడ్డ మందం అర మిల్లీమీటరు అనుకుంటే, చుట్టు చుట్టుకూ మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పెరిగి, నూరో చుట్టు 61 సెంటీమీటర్లకు వస్తుంది. 30, 61 కలిపి యాభైతో హెచ్చవేస్తే నూరు చుట్లలో సుమారు నలభై అయిదున్నర మీటర్ల గుడ్డ. తాను విప్పకుండానే లెక్క చెప్పొచ్చు.

ఈ శ్రేఢులు కొత్తగా ఎవరో తెచ్చిపెట్టినవి కావు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో 'శ్రేఢీ వ్యవహారం' అని ఒక ప్రకరణమే ఉంది. లీలావతి ఆయన కూతురని ప్రతీతి. అది నిజమైనా కథైనా, ఆ పుస్తకంలో లెక్కలు ఒక ఆడపిల్లను పిలిచి అడిగినట్టు ఉంటాయి. తెలుగులో అంతకన్నా ముందే, 11వ శతాబ్దిలో పావులూరి మల్లన లెక్కలను పద్యాలుగా చెప్పాడు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో రాసిన గణితసార సంగ్రహం అనే సంస్కృత గ్రంథం దానికి మూలం. మహావీరుడు రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంవాడు. ఆ రాష్ట్రకూటులకు సామంతులుగా మా పక్కనున్న వేములవాడను ఏలినవారు వేములవాడ చాళుక్యులు. రాజన్న దర్శనానికి పోయినప్పుడల్లా నాకు ఈ మాట తలపుకొస్తుంది. అక్కడ కోడె మొక్కు చెల్లించే తల్లులకు ఎవరైనా ఇది చెబితే బాగుండును.

అంకశ్రేఢికి ఒక చెల్లెలుంది. దాని పేరు గుణశ్రేఢి. అక్క నిదానస్తురాలు, చెల్లెలు గయ్యాళి. అక్క ప్రతిసారీ అంతే కలుపుకుంటుంది. చెల్లెలు ప్రతిసారీ ఉన్నదాన్ని అన్ని రెట్లు చేస్తుంది. దీని వేగం తెలియాలంటే మళ్ళీ మా వైపే రావాలి.

గల్ఫుకు పోయే మనిషి వీసాకు, టికెట్‌కు అప్పు చేసి పోతాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుందాం, అంటే నెలకు. లక్ష తెస్తే నెలకు 2,000, ఏడాదికి 24,000. కాగితం మీద వేలిముద్రో సంతకమో భర్తది. తర్వాత షావుకారుతో మాట్లాడాల్సింది ఇంట్లో ఉన్న భార్య. బారువడ్డీ అయితే ఏటేటా అదే 24,000 కలుస్తుంది. 1,24,000, తర్వాత 1,48,000, మూడో ఏటికి 1,72,000. ఇది అంకశ్రేఢి. చక్రవడ్డీ అయితే, కట్టని వడ్డీని ఏటికోసారి అసలులో కలుపుతారు. అప్పుడు మొదటి ఏడు 1,24,000, రెండో ఏడు 1,53,760, మూడో ఏడు 1,90,662. ఇది గుణశ్రేఢి. మొదటి ఏడాది రెండూ ఒకటే, చూశారా? తేడా కనిపించదు. అక్కడే చాలామంది నమ్మేస్తారు. మూడేళ్ళకు తేడా 18,662. అయిదేళ్ళయితే బారువడ్డీకి 2,20,000 కట్టాలి, చక్రవడ్డీకి 2,93,162 కట్టాలి. తేడా డెబ్భై మూడు వేలు దాటింది. ఒక్క మాట ముందుగా అడిగి ఉంటే చాలు: "వడ్డీ అసలుల కలుపుతరా, కలపరా?" ఆ మాట అడగగలిగిన ఆడమనిషికి శ్రేఢుల అధ్యాయం వచ్చినట్టే.

పట్నంలో ఉన్న మనం కూడా నవ్వుకోవలసిన పని లేదు. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి మిగతాది వదిలేస్తే నడిచేది ఆ చెల్లెలే.

ఇక బహుపదులు. ఇక్కడ ఎక్స్ అనే అక్షరం వచ్చి కూర్చుంటుంది, మన గుండె జారుతుంది. తెలియని దానికి ఒక అక్షరం పేరు పెట్టుకోవడం మన పెద్దలకూ ఉంది. భాస్కరాచార్యుడి బీజగణితంలో తెలియని దాన్ని 'యావత్తావత్' అని, పొట్టిగా 'యా' అని రాసేవారు. రెండో తెలియనిది వస్తే 'కా', మూడోదానికి 'నీ'. అవి కాలక, నీలక, అంటే రంగుల పేర్లు. ఊరూ పేరూ తెలియని చుట్టం ఇంటికొస్తే, తెలిసేదాకా "అబ్బాయీ" అని పిలుస్తాం కదా, అలాంటిదే ఈ ఎక్స్.

మీ వంటిల్లు నలుచదరంగా ఉందనుకోండి. ఒక్కో పక్క ఎక్స్ అడుగులు. ఇల్లు బాగు చేయిస్తూ ఒకవైపు 3 అడుగులు, ఇంకొకవైపు 2 అడుగులు పెంచారు. ఇప్పుడు నేల ఎంత? పాత నేల ఎక్స్ వర్గం. ఒక పక్క చేరిన పట్టీ 3 ఎక్స్‌లు. ఇంకో పక్క పట్టీ 2 ఎక్స్‌లు. మూలన రెండు మూళ్ళు ఆరు అడుగుల చిన్న ముక్క. మొత్తం: ఎక్స్ వర్గం, 5 ఎక్స్‌లు, 6. ఇదే బహుపది. పిల్లలు మరిచిపోయేది ఎప్పుడూ ఏదో ఒక పట్టీనే. ఎక్స్ వర్గం, 6 అని రాసి ఊరుకుంటారు. "పక్కల పట్టీలు ఏవమ్మా? అక్కడ బండలు పరిపించవా?" అని అడగండి, నాలిక కరుచుకుంటారు.

పాత వంటిల్లు 10 అడుగులైతే? కొత్తది 12 అడుగులు, 13 అడుగులు. పన్నెండు పదమూళ్ళు 156. ఆ అంకెలు చూడండి: 1, 5, 6. ఎక్స్ వర్గం ఒకటి, ఎక్స్‌లు అయిదు, విడిగా ఆరు. మనం రోజూ రాసే 156 అనేది కూడా బహుపదే. ఒక వంద, అయిదు పదులు, ఆరు ఒకట్లు. ఎక్స్ చోట పది కూర్చుంది, అంతే. కిరాణా కొట్టు చీటీ మీద మీరు వేసే ప్రతి లెక్కలోనూ బహుపదులే ఉన్నాయి.

బహుపది శూన్యాలని ఒక మాట వస్తుంది. ఎక్స్ ఎంతైతే మొత్తం సున్నా అయిపోతుందో అది. "సున్నా అయితే మనకేం లాభం?" అంటారేమో. సరిగ్గా లాభం గురించే చెబుతాను. ఒకామె ఇంట్లో అప్పడాలు చేసి అమ్ముతోందనుకుందాం. పొట్లానికి ఖర్చు 40 రూపాయలు. ధర ఎంత పెంచితే అన్ని పొట్లాలు తక్కువ పోతాయి. 100 లోంచి ధర తీసేస్తే వచ్చినన్ని పోతాయని అనుకుందాం. 40కి అమ్మితే 60 పొట్లాలు పోతాయి కానీ మిగిలేది సున్నా. 100కి అమ్మితే పొట్లానికి 60 మిగలాలి కానీ కొనేవాళ్ళు సున్నా. ఆ బహుపదికి శూన్యాలు ఈ రెండూ: 40, 100. మరి ఎంతకు అమ్మాలి? 50కి అమ్మితే పదేసి రూపాయలు, యాభై పొట్లాలు, లాభం 500. 90కి అమ్మితే యాభయ్యేసి రూపాయలు, పది పొట్లాలు, మళ్ళీ 500. సరిగ్గా నడిమధ్య 70కి అమ్మితే ముప్ఫయ్యేసి రూపాయలు, ముప్ఫై పొట్లాలు, లాభం 900. అంతకన్నా ఎక్కువ రాదు. గ్రాఫు కాగితం మీద గీస్తే కొండలా లేచి దిగుతుంది. కొండ మొదలయ్యే చోటు, ముగిసే చోటు శూన్యాలు, కొన సరిగ్గా మధ్యన. నిజం బజారు ఇంత చక్కగా నడవదని నాకూ తెలుసు. అయినా "అగ్గువకు ఇస్తే ఎక్కువ పోతయ్", "పిరానికి ఇస్తే ఎక్కువ మిగులుతయ్" అని వాదించుకునే వాళ్ళిద్దరికీ మధ్యన ఒక చోటు ఉంటుందని ఈ లెక్క చూపిస్తుంది.

మూడోది వృత్తాలు. ఇందులో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, చేతినిండా ఉన్నాయి. గాజుల దుకాణంలో "రెండు నాలుగు ఇవ్వండి", "నాకు రెండు ఆరు" అంటాం. అంటే ఏమిటని ఎప్పుడైనా అడిగారా? రెండు నాలుగు అంటే గాజు లోపలి వ్యాసం రెండంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంబావు అంగుళాలు. రెండు ఆరు అంటే పదహారో వంతులు ఆరు. రెండు ఎనిమిది రెండున్నర అంగుళాలు. అందుకే ఆ తర్వాత వచ్చేది రెండు పది. దాన్ని పాయింటు పెట్టి 2.10 అని రాస్తారు. దశాంశాలు నేర్చుకుంటున్న పిల్ల "అమ్మా, అది 2.2 కన్నా చిన్నది కదా" అంటుంది. పిల్ల మాట తప్పు కాదు. దుకాణం చుక్క వేరు, బడి చుక్క వేరు.

ఈ గాజుల సైజులూ శ్రేఢే. పదాంతరం రెండు పదహారో వంతులు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వ్యాసాన్ని మూడుంబావుకు కాస్త తక్కువతో, 3.14తో హెచ్చవేస్తే చుట్టుకొలత, అంటే పరిధి వస్తుంది. వేసి చూడండి, ఒక్కో సైజు పెరిగితే చుట్టుకొలత దాదాపు సరిగ్గా ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ 3.14ను మన ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. వ్యాసం 20,000 అయితే పరిధి సుమారు 62,832 అన్నాడు. భాగించి చూస్తే 3.1416.

పదో తరగతిలో స్పర్శరేఖ ముఖ్యం. వృత్తాన్ని ఒక్క చోట తాకి వెళ్ళిపోయే గీత. నేల మీద కంచం నిలబెట్టి దొర్లించండి. నేలే స్పర్శరేఖ. ఒక్క చోటే తాకుతుంది. తాకిన చోటి నుంచి కంచం కేంద్రానికి గీసిన గీత, అంటే వ్యాసార్ధం, నేలకు నిటారుగా ఉంటుంది. ఎందుకు? కేంద్రం నుంచి నేలకు అన్నింటికన్నా దగ్గర దారి నిటారు దారే. బావిలోకి చేద వదిలితే తాడు ఎలా దిగుతుందో అలా. నేల మీద మిగతా చోట్లన్నీ వృత్తానికి బయట ఉన్నాయి కనుక కేంద్రానికి దూరం. తాకిన చోటు ఒక్కటే దగ్గర. దగ్గరిది నిటారు కావాల్సిందే.

ఇంకొకటి, పరీక్షలో ఇష్టంగా అడిగేది: బయట ఒక బిందువు నుంచి వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖలూ సమానం. గోడ మేకుకు దారం వేసి, దారం ఉచ్చులో ఒక గాజును వేలాడదీయండి. మేకు నుంచి దారం రెండు పక్కలా దిగి గాజును తాకుతుంది. రెండు పక్కలా ఒకే పొడవు. కారణం: మేకు నుంచి గాజు నడిమధ్యకు ఒక గీత ఊహించండి. రెండు త్రిభుజాలు కనిపిస్తాయి. రెండింటికీ తాకిన చోట లంబకోణమే. రెండింటికీ ఆ నడిమి గీత ఉమ్మడి. రెండింటికీ ఒక భుజం వ్యాసార్ధమే. ఇక మూడో భుజం వేరు కావడానికి వీల్లేదు. రెండు నాలుగు గాజుకు, మందంతో కలిపి, వ్యాసార్ధం సుమారు 3 సెంటీమీటర్లు. మేకు నుంచి మధ్యకు 5 ఉండేట్టు కడితే దారం 4 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది. స్కేలు పెట్టి కొలిపించండి. ఒకసారి కొలిచిన పిల్ల ఆ సిద్ధాంతం మళ్ళీ మరిచిపోదు.

అర్ధవృత్తంలో కోణం ఎప్పుడూ లంబకోణమే అన్నది తొమ్మిదో తరగతిలోది. అది కుట్టుపని చేసేవాళ్ళకు పనికొస్తుంది. గుండ్రటి గుడ్డ ముక్కకు మధ్య ఎక్కడో తెలియాలంటే, న్యూస్‌పేపరు మూలను దాని అంచు మీద ఆనించండి. పేపరు రెండు అంచులూ గుడ్డ అంచును దాటే రెండు చోట్ల గుర్తు పెట్టి కలిపితే అదే వ్యాసం. మూలను ఇంకొక చోట ఆనించి మరొక వ్యాసం గీయండి. రెండూ ఎక్కడ కోసుకుంటే అక్కడే మధ్య.

పిల్లతో కూర్చున్నప్పుడు మనం నేర్పక్కర్లేదు, "నాకు చెప్పు" అంటే చాలు. "ఈ పదాంతరం అంటే ఏంది బిడ్డా, మన బతుకమ్మల ఎక్కడుంది?" అని అడగండి. చెప్పలేక ఆగిన చోటే పిల్లకు రాని చోటు. ట్యూషన్ సారుకు కూడా ఆ చోటు అంత తొందరగా దొరకదు.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. ఒక లెక్క చెప్పి సెలవు తీసుకుంటాను. పదమూడు చుక్కల ముగ్గు, సందు చుక్క, ఏడు వచ్చేవరకు. మధ్య వరస 13, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గుతూ 7 దాకా. మొత్తం చుక్కలెన్ని? జతలు కట్టి చూడండి. 127 రావాలి. రాకపోతే మధ్య వరసను రెండుసార్లు కలిపారేమో చూసుకోండి.